డాలరు కూలి, రూపాయి లెక్క: మలయా తెలుగు శ్రామికుల వేతనం, మారకపు విలువ (1867–1938)

వ్యాససంగ్రహం

వలస రాజ్యాల కాలంలో మలయా తోటలకు వెళ్లిన తెలుగు శ్రామికులు కూలిని డాలర్లు, సెంట్లలో పొందారు. ఊళ్లోని అప్పును, ఇంటికి పంపే సొమ్మును, కొనదలచిన భూమిని మాత్రం రూపాయల్లో లెక్కించుకున్నారు. ఈ రెండు నాణేల మధ్య మారకపు విలువ స్థిరంగా లేదు. 1893 నుంచి 1927 వరకు అది పలుమార్లు మారింది. శ్రామికుల వేతనాన్ని ఏదో ఒక మారకపు రేటుతో రూపాయల్లోకి మార్చి, దాన్ని స్వదేశపు కూలితో పోల్చే పద్ధతి వలస చరిత్ర రచనలో సాధారణంగా కనిపిస్తుంది. ఈ పోలికలోని పరిమితులను చూపి, వేతనాన్ని ‘జీవన లెక్క’, ‘పంపక లెక్క’ అనే రెండు భాగాలుగా పరిశీలించాలని ప్రతిపాదించడం ఈ వ్యాసం ఉద్దేశం. బర్మా, నటాల్ వలసల అనుభవాన్ని పోలికకు తీసుకోవడం జరిగింది.

కీలకపదాలు: తెలుగు వలసలు, మలయా, స్ట్రెయిట్స్ డాలరు, మారకపు విలువ, కంగాణీ పద్ధతి, వేతనం, అప్పు.

1. ప్రస్తావన

ప్రవాస తెలుగువారి చరిత్రలో నౌకలు, ఒప్పందాలు, తోటలు, సంఘాలు, పాఠశాలల గురించి గణనీయమైన కృషి జరిగింది. శ్రామికుడి చేతికి వచ్చిన నాణెం గురించి జరిగిన చర్చ తక్కువ. ఎంత కూలి వచ్చిందన్న ప్రశ్నకు నివేదికల్లో సమాధానం సులభంగా దొరుకుతుంది. ఆ కూలి విలువ ఎంత, ఎవరి దృష్టిలో ఎంత అన్న ప్రశ్నకు సమాధానం అంత సులభం కాదు.

మలయా ఇందుకు తగిన ఉదాహరణ. అక్కడి భారతీయ శ్రామికుల్లో తమిళులు అత్యధికులు. వారితో పోలిస్తే తెలుగువారి సంఖ్య చాలా తక్కువ. విశాఖపట్నం, గోదావరి వంటి కోస్తా జిల్లాల నుంచి వెళ్లినవారు రబ్బరు తోటల్లోనూ, పేరాక్ రాష్ట్రంలో బాగాన్ దతో ప్రాంతపు కొబ్బరి తోటల్లోనూ స్థిరపడ్డారు. సిలోన్ 1872లోనే రూపాయిని స్వీకరించింది. మారిషస్ కూడా అదే దశకంలో రూపాయిని తన నాణెంగా చేసుకుంది. బర్మాలో చెలామణి అయినది భారతీయ రూపాయే. దక్షిణ భారతం నుంచి కూలీలు పెద్దసంఖ్యలో వెళ్లిన ఆసియా దేశాల్లో వేరే నాణెంతో వేతనం చెల్లించిన ప్రధాన ప్రాంతం మలయాయే. అందువల్ల ఇక్కడి తెలుగు శ్రామికుడు తన బతుకును రెండు నాణేలలో లెక్కపెట్టుకోవలసి వచ్చింది.

2. వట్టం, మారకం: తెలుగునాట పాత అలవాటు

రెండు నాణేల లెక్క తెలుగువారికి సముద్రం దాటాక ఎదురైన కొత్త విషయం కాదు. 1818 వరకు మద్రాసు రాజధానిలో వరహా ప్రధాన నాణెం. ఆ ఏడు రూపాయి దాని స్థానాన్ని ఆక్రమించినప్పుడు, ఒక నక్షత్ర వరహాకు మూడున్నర రూపాయల చొప్పున ప్రభుత్వం లెక్క కట్టింది. ఉత్తర సర్కారుల్లో చెలామణి అయిన ‘డబ్బు’ అనే రాగి నాణెం పేరు తర్వాతి కాలంలో ధనానికే సామాన్యనామం అయింది. నాణేన్ని మార్చేటప్పుడు తగ్గించుకునే మొత్తానికి ‘వట్టం’ అనీ, ఆ పని చేసేవాడికి ‘షరాబు’ అనీ పేర్లు స్థిరపడ్డాయి. హైదరాబాదు రాజ్యంలో హాలీ సిక్కా, కల్దారు రూపాయలు రెండూ వ్యవహారంలో ఉండేవి. సుమారుగా ఏడు హాలీ సిక్కా రూపాయలు ఆరు కల్దారు రూపాయలకు సమానం.

ఈ పాత అలవాటుకూ మలయాలో ఎదురైన స్థితికీ ఒక ముఖ్యమైన భేదం ఉంది. షరాబు దగ్గర నాణెం మార్చుకునే రైతుకు రెండు నాణేలూ ఒకే సంతలో చెల్లుతాయి. వాటితో కొనే ధాన్యం ధర ఒక్కటే. మలయా శ్రామికుడికి డాలరు చెల్లే చోట రూపాయి అక్కరకు రాదు. రూపాయితో అప్పు తీర్చవలసిన ఊళ్లో డాలరు చెల్లదు. రెండు చోట్లా ధరలు వేరు. అందుచేత మారకం అతడికి వట్టం పోగొట్టుకునే వ్యవహారంగా మాత్రమే మిగలలేదు. ఒకే శ్రమకు రెండు విలువలు ఏర్పడిన స్థితి అది.

నాణేల పేర్లు కూడా గమనార్హమైనవి. మలై భాషలో డాలరును ‘రింగ్గిత్’ అంటారు. స్పానిష్ వెండి నాణెపు అంచు మీది గాట్లను బట్టి వచ్చిన పేరు అది. మలయా తమిళంలో డాలరుకు ‘వెళ్ళి’ అని వాడుక; దాని అర్థం వెండి. ఆ పేరు పుట్టిన కాలంలో డాలరు విలువ అందులోని వెండి విలువే. ఆ సంబంధం తెగిపోవడంతోనే ఈ వ్యాసంలోని అసలు సమస్య మొదలవుతుంది.

3. ఒక డాలరుకు ఎన్ని రూపాయలు?

పెనాంగ్, మలక్కా, సింగపూర్ కలిసిన స్ట్రెయిట్స్ సెటిల్మెంట్స్ 1867 ఏప్రిల్ 1 వరకు బ్రిటిష్ ఇండియా పాలనలో ఉంది. ప్రభుత్వ లెక్కలు రూపాయల్లో సాగినా బజారు వ్యవహారమంతా వెండి డాలర్లలోనే నడిచేది. ఆ ప్రాంతం లండన్ ప్రత్యక్ష పాలనలోకి వెళ్లినప్పుడు డాలరుకు చట్టబద్ధత లభించింది. అప్పటి నుంచి రూపాయి, డాలరు మారకం ఐదు దశల్లో నడిచింది.

మొదటి దశ 1893 వరకు సాగింది. రూపాయి, డాలరు రెండూ వెండి నాణేలు. రూపాయిలో 165 గ్రెయిన్ల శుద్ధమైన వెండి ఉంటే, మెక్సికన్ డాలరులో సుమారు 377 గ్రెయిన్లు ఉండేది. బరువును బట్టి ఒక డాలరు దాదాపు రెండుంపావు రూపాయలు. బంగారంతో పోల్చినప్పుడు వెండి ధర ఎంత పడినా ఈ నిష్పత్తికి పెద్దగా భంగం కలగలేదు. రెండు నాణేలూ కలిసే పడ్డాయి.

రెండవ దశ 1893 జూన్ 26న ప్రారంభమైంది. భారత ప్రభుత్వం ప్రజలు తెచ్చే వెండిని నాణేలుగా ముద్రించే పద్ధతిని నిలిపివేసింది. దానితో రూపాయి విలువ వెండి ధర నుంచి విడివడి, 1898 నాటికి 16 పెన్నీల దగ్గర నిలబడింది. మలయా డాలరు మాత్రం వెండినే అంటిపెట్టుకొని ఉండిపోయింది. 1902–03 నాటికి అది 20 పెన్నీల దిగువకు కూడా పడింది. అంటే ఒక డాలరుకు వచ్చేది ఒకటింపావు రూపాయి లోపే. తోటలో కూలి ఒక్క సెంటు తగ్గకపోయినా, ఊరికి చేరే సొమ్ము పదేళ్ల కాలంలో సుమారు సగానికి వచ్చింది.

మూడవ దశలో స్ట్రెయిట్స్ ప్రభుత్వం సొంత డాలరును ప్రవేశపెట్టింది. 1903లో ఈ కొత్త నాణెం బొంబాయి టంకశాలలోనే తయారైంది. 1906లో దాని విలువను 28 పెన్నీలుగా, అంటే 60 డాలర్లకు 7 పౌండ్లుగా స్థిరీకరించారు. రూపాయి 16 పెన్నీలు కాబట్టి ఒక డాలరు ఒక రూపాయి 12 అణాలకు సమానమైంది. మలయాలో రబ్బరు తోటలు విస్తరించిన కాలం, శ్రామికుల రాకపోకల ఖర్చు కోసం యజమానుల నుంచి సుంకం వసూలుచేసే వలస నిధి ఏర్పడిన కాలం కూడా ఇదే.

నాలుగవ దశ మొదటి ప్రపంచయుద్ధపు చివరి సంవత్సరాలది. వెండి ధర పెరగడంతో భారత ప్రభుత్వం రూపాయి రేటును మెట్లు మెట్లుగా పెంచింది. 1917 ఆగస్టులో 17 పెన్నీలు, 1918 ఏప్రిల్‌లో 18, 1919 మే నెలలో 20, సెప్టెంబరులో 24, డిసెంబరులో 28 పెన్నీలు. స్ట్రెయిట్స్ డాలరు అప్పటికీ 28 పెన్నీల దగ్గరే ఉంది. ఈ అధికారిక రేట్ల ప్రకారం 1919 డిసెంబరులో ఒక డాలరు ఒకే ఒక రూపాయికి సమానం. 1921 నాటికి రూపాయి మళ్లీ పాత స్థాయికి కూలింది.

ఐదవ దశ 1927 చట్టంతో మొదలైంది. హిల్టన్ యంగ్ సంఘం సిఫారసు మేరకు రూపాయిని 18 పెన్నీలుగా నిర్ణయించారు. అప్పుడు ఒక డాలరు విలువ సుమారు ఒక రూపాయి 9 అణాలు. 1931 సెప్టెంబరులో బ్రిటన్ బంగారు ప్రమాణాన్ని వదిలినప్పుడు రెండు నాణేలూ స్టెర్లింగుతోనే కొనసాగాయి. అందువల్ల ఈ నిష్పత్తి ఆ తర్వాత కూడా మారలేదు.

భారతదేశంలో రూపాయి 16 పెన్నీలా, 18 పెన్నీలా అన్న వివాదం ఎగుమతిదారులు, మిల్లు యజమానులు, రైతుల ప్రయోజనాల చుట్టూ సాగింది. సముద్రం అవతల డాలర్లలో సంపాదించి రూపాయల్లో అప్పు తీర్చే కూలీ ప్రయోజనం ఆ చర్చలో ప్రధానాంశంగా నిలవలేదు.

4. డెబ్బై రూపాయల అప్పు

ఈ రేట్ల మార్పు ఒక కుటుంబం మీద చూపే ప్రభావాన్ని గ్రహించడానికి ఒక ఊహాత్మక లెక్కను పరిశీలించవచ్చు. ఒక శ్రామికుడు ఊళ్లో 70 రూపాయల అప్పు మిగిల్చి వెళ్లాడనుకుందాం. వడ్డీని ప్రస్తుతానికి పక్కన పెడదాం. తిండి, బట్ట, ఇతర ఖర్చులు పోగా అతడు నెలకు 2 డాలర్లు మిగుల్చుకోగలడనీ అనుకుందాం.

1906–1917 మధ్య కాలపు రేటు ప్రకారం ఆ అప్పు 40 డాలర్లు. తీరడానికి 20 నెలలు పడుతుంది. 1919 డిసెంబరు రేటు ప్రకారం అదే అప్పు 70 డాలర్లు. 35 నెలలు కావాలి. 1927 తర్వాతి రేటు ప్రకారం 45 డాలర్లు. ఇరవై రెండున్నర నెలలు. అప్పు పత్రంలో అంకె మారలేదు. తోటలో కూలి మారలేదు. శ్రామికుడి పొదుపు శక్తి కూడా మారలేదు. అయినా అతడు ఊరికి తిరిగి వెళ్లగలిగే రోజు ఏడాదికి పైగా వెనక్కి జరిగింది. వడ్డీని కలిపితే ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

1919 నాటి రేటు ఎక్కువ కాలం నిలవలేదు కాబట్టి ఈ లెక్కను ఆ తరం మొత్తానికి వర్తింపజేయరాదు. ఆ నెలల్లో డబ్బు పంపినవారికి, ఆ నెలల్లో తిరుగు ప్రయాణమైనవారికి మాత్రం అది వాస్తవమైన నష్టం. పైగా ఆ కాలంలో స్వదేశంలో ధరలు కూడా మండిపోతున్నాయి. 1918 సెప్టెంబరులో మద్రాసు రాజధానిలోని పలుచోట్ల ధాన్యపు దుకాణాల మీద దాడులు జరిగాయి. డాలరు తెచ్చే రూపాయలు తగ్గాయి, ఆ రూపాయి తెచ్చే బియ్యమూ తగ్గింది. శ్రామికుడి కుటుంబం ఒకేసారి రెండు వైపులా నష్టపోయింది. వేతనపు అంకెను మాత్రమే చూసే పరిశోధకుడికి ఈ రెండు నష్టాల్లో ఏదీ కనబడదు.

5. తోటలో సెంటు విలువ

మారకపు రేటు కథలో ఒక భాగమే. శ్రామికుడి ఆదాయంలో అధికభాగం మలయాలోనే ఖర్చయ్యేది. ఆ భాగాన్ని రూపాయల్లోకి మార్చడం వల్ల అతడి బతుకు గురించి ఏమీ తెలియదు.

1920ల చివరిలో ప్రభుత్వం ఆమోదించిన ప్రామాణిక వేతనం రాకపోకల సౌకర్యం ఉన్న ప్రాంతాల్లో పురుషుడికి రోజుకు 50 సెంట్లు, స్త్రీకి 40 సెంట్లు. పహాంగ్ వంటి దూరప్రాంతాల్లో అది 58, 46 సెంట్లు. ఆహారం, బట్టలు, పాత్రలు, పండుగ ఖర్చు వంటి పద్దులతో తయారుచేసిన నమూనా నెలసరి వ్యయపట్టిక ఈ వేతనానికి ఆధారం. దూరప్రాంతాలకు ఎక్కువ కూలి నిర్ణయించడంలోనే ఒక అంగీకారం ఉంది: ఒకే డాలరు మలయాలోని అన్ని చోట్లా ఒకే విలువ చేయదు. పహాంగ్ శ్రామికుడి అదనపు 8 సెంట్లలో అధిక ధరలకు పోయే భాగమే ఎక్కువ. ఆ మొత్తాన్ని రూపాయల్లోకి మార్చి చూస్తే మాత్రం అతడు మిగిలినవారికంటే సంపన్నుడిగా కనిపిస్తాడు.

ఈ 50 సెంట్లు 1927 తర్వాతి రేటు ప్రకారం 12 అణాలకు కొంచెం ఎక్కువ. కోస్తా పల్లెల్లో వ్యవసాయ కూలి కొద్ది అణాలకు మించని రోజుల్లో ఈ అంకె ఎంతో ఆకర్షణీయం. సొంత ఊరికి వచ్చి మనుషులను కూడగట్టే కంగాణీకి ఇది బలమైన ఆయుధం. ప్రతి కూలీ పనిచేసిన ప్రతి రోజుకూ కంగాణీకి ‘తలకాసు’ ముట్టేది కాబట్టి ఎంతమందిని తీసుకువెళితే అతడికి అంత లాభం. అతడు చెప్పే అణాల లెక్కలో అసత్యం ఉండకపోవచ్చు. కాని అది డాలరును ఊరి ధరలతో కొలిచిన లెక్క. ఆ డాలరును ఖర్చుపెట్టవలసింది మాత్రం తోట ధరలతో.

పోలికలో రెండో వైపున ఉన్న ఊరి కూలి కూడా నిలకడైన అంకె కాదు. కోస్తా జిల్లాల్లో వ్యవసాయ కూలిలో గణనీయమైన భాగం ధాన్యం రూపంలో, కుంచాలతో, తవ్వలతో కొలిచి ఇచ్చేవారు. పాలేరుకు ఏడాదికి కట్టే జీతంలోనూ ధాన్యమే ముఖ్యం. ధాన్యపు కూలికి ధరల పెరుగుదల నుంచి రక్షణ ఉంటుంది. నగదు కూలికి అది లేదు. మలయా తినే బియ్యంలో పెద్ద వాటా సియాం, బర్మా, ఇండోచైనాల నుంచి దిగుమతి అయ్యేది. 1919–20లో బియ్యం కొరత ఏర్పడి ధరలు విపరీతంగా పెరిగినప్పుడు తోటల యాజమాన్యాలు శ్రామికులకు తక్కువ ధరకు బియ్యం ఇవ్వవలసి వచ్చింది. అలా ఇచ్చిన బియ్యం నిజానికి వేతనంలో భాగమే. అది సెంట్ల లెక్కలో చేరదు, రూపాయల్లోకి మార్చిన లెక్కలోనూ చేరదు. తోట ఇచ్చిన గది, వైద్యం కూడా ఇటువంటివే. మరోవైపు పని దొరకని రోజులు, జబ్బుపడిన రోజులు వేతనాన్ని తగ్గిస్తాయి. రోజుకూలిని నెలలో ముప్ఫై రోజులతో హెచ్చించే లెక్క ఈ కారణం చేతనే నమ్మదగినది కాదు.

6. రూపాయి చెల్లిన చోటు, షిల్లింగు చెల్లిన చోటు

మలయా ప్రత్యేకత స్పష్టం కావాలంటే మరో రెండు వలసలను పక్కన పెట్టి చూడాలి.

బర్మాలో రంగూన్ రేవు, బియ్యపు మిల్లులు, రిక్షాలు తెలుగు శ్రామికుల మీద ఆధారపడి నడిచాయి. అక్కడ వచ్చిన రూపాయి, ఇంటికి పంపే రూపాయి ఒక్కటే. 1937లో బర్మా భారతదేశం నుంచి వేరుపడిన తర్వాత కూడా కొంతకాలం భారతీయ రిజర్వు బ్యాంకే ఆ దేశపు ద్రవ్యవ్యవహారాలు చూసింది. మారకపు నష్టం లేకపోవడం బర్మా వలసకు అనుకూలించిన అంశాల్లో ఒకటి. అయితే ఒకే నాణెం ఉన్నంతమాత్రాన ఒకే విలువ ఉందని చెప్పలేం. రంగూన్‌లో ఇరుకు గది అద్దె, మేస్త్రీ కోత, పని దొరకని నెలలు రూపాయి విలువను లోపలినుంచే తగ్గించాయి. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంపు కోసం చేసిన సమ్మె, ఆ వెంటనే వారిపై జరిగిన హింస ఆ రూపాయి ఎంత కష్టార్జితమో చెబుతాయి.

నటాల్ పరిస్థితి ఇందుకు భిన్నం. మద్రాసు నుంచి బయలుదేరిన ‘ట్రూరో’ నౌక 1860 నవంబరు 16న డర్బన్ చేరింది. ఒప్పంద కూలీకి మొదటి సంవత్సరం నెలకు 10 షిల్లింగులు, తర్వాత ఏటా ఒక షిల్లింగు చొప్పున పెంచి ఐదో ఏట 14 షిల్లింగులు ఇచ్చేవారు. 1860లో రూపాయి దాదాపు 2 షిల్లింగులు కాబట్టి 10 షిల్లింగులు 5 రూపాయలకు సమానం. 1894–95లో రూపాయి సగటున 13 పెన్నీలకు పడిపోయినప్పుడు అవే 10 షిల్లింగులు 9 రూపాయలు దాటాయి. 1899 తర్వాత ఏడున్నర రూపాయలు. రూపాయల పట్టికను మాత్రమే చూస్తే నటాల్ తోటల యజమానులు ముప్ఫై అయిదేళ్లలో కూలిని దాదాపు రెండింతలు చేసినట్టు కనిపిస్తుంది. వారు ఒక్క పెన్నీ కూడా పెంచలేదు.

1895లో నటాల్ ప్రభుత్వం ఒప్పందం ముగిసి అక్కడే ఉండిపోయే భారతీయులపై విధించిన 3 పౌండ్ల వార్షిక పన్నుకు కూడా ఇదే వర్తిస్తుంది. దాన్ని 45 రూపాయలు అని రాయడం వల్ల పాఠకుడికి కలిగే అవగాహన స్వల్పం. 3 పౌండ్లు అంటే 60 షిల్లింగులు. ఒప్పందం ఐదో ఏట వచ్చే 14 షిల్లింగులతో పోల్చితే అది నాలుగు నెలలకు పైబడిన కూలి. షిల్లింగులలో సంపాదించి షిల్లింగులలో కట్టవలసిన పన్నును కొలవడానికి రూపాయితో పనిలేదు. 1913 నాటి సమ్మెకు, 1914లో ఆ పన్ను రద్దుకు దారితీసిన భారం ఎంతటిదో ఈ కొలతలోనే తెలుస్తుంది.

7. మాంద్యంలో రెండు లెక్కలు

1930లలో మలయాలో ఈ రెండు లెక్కలు పరస్పర విరుద్ధ దిశల్లో నడిచాయి. రబ్బరు ధర పతనం కావడంతో 1930లో ప్రామాణిక వేతనాన్ని 50, 40 సెంట్ల నుంచి 40, 32 సెంట్లకు తగ్గించారు. ఆ తర్వాత వేతనాలు మరింత దిగజారాయి. పని కోల్పోయిన వేలాదిమందిని వలస నిధి ఖర్చుతో స్వదేశానికి పంపివేశారు.

నెలకు 25 పనిదినాలు అనుకుంటే, 50 సెంట్ల కూలీకి పన్నెండున్నర డాలర్లు వస్తాయి. 40 సెంట్ల కూలీకి వచ్చేది 10 డాలర్లు. తగ్గింపు అయిదో వంతు మాత్రమే. అయితే మొదటి శ్రామికుడి నెల ఖర్చు పదిన్నర డాలర్లు అయితే అతడి మిగులు 2 డాలర్లు. ధరలు అంతే ఉన్నట్లయితే రెండో స్థితిలో మిగులు పూర్తిగా పోయి, అర డాలరు అప్పు మిగులుతుంది. అంటే వేతనంలో అయిదో వంతు కోత, ఇంటికి పంపే సొమ్ము దృష్ట్యా పూర్తి కోత. మలయాలోనూ ఆ సంవత్సరాల్లో బియ్యం ధర తగ్గింది కాబట్టి వాస్తవంలో దెబ్బ తీవ్రత కొంత తగ్గి ఉంటుంది. ఎంత తగ్గిందన్నది ఏ తోటలో, ఏ నెలలో అన్నదాన్ని బట్టి మారుతుంది.

అదే సమయంలో స్వదేశంలో ధాన్యం ధరలు పడిపోయాయి. డాలరు–రూపాయి నిష్పత్తి మారలేదు కాబట్టి, పంపగలిగినవాడి ప్రతి డాలరుకూ ఊళ్లో మునుపటికంటే ఎక్కువ ధాన్యం వచ్చేది. కాని పంపగలిగే స్థితిలో ఉన్నవారే తగ్గిపోయారు. మరోవైపు, పాత అప్పు రూపాయల్లో అంతే ఉండగా దాన్ని తీర్చడానికి ఊళ్లోని కుటుంబం అమ్మవలసిన ధాన్యం పెరిగింది. డాలరు విలువ పెరిగిన చోట డాలరు లేదు. డాలరు అవసరం పెరిగిన ఇంటికి డాలరు రాలేదు.

1936 చివర మలయాను సందర్శించిన వి.ఎస్. శ్రీనివాసశాస్త్రి తన నివేదికలో 50, 40 సెంట్ల స్థాయిని పునరుద్ధరించాలనీ, కంగాణీ ద్వారా జరిగే సమీకరణను విరమించాలనీ సూచించారు. 1938లో వేతనాలు మళ్లీ తగ్గినప్పుడు భారత ప్రభుత్వం జూన్ నెలలో సహాయక వలసను నిషేధించింది. ఈ వివాదమంతా సెంట్లలోనే జరిగిందన్నది గుర్తించవలసిన విషయం. శ్రామికుల పక్షాన మాట్లాడినవారికి స్థానిక నాణెమే, స్థానిక జీవనవ్యయమే ప్రమాణమైంది.

8. అధ్యయన పద్ధతికి కొన్ని సూచనలు

పై చర్చ నుంచి మూడు పద్ధతిపరమైన సూచనలు చేయవచ్చు.

మొదటిది, ప్రవాస శ్రామికుడి వేతనాన్ని రెండు భాగాలుగా చూడాలి. తాను ఉన్న చోట ఖర్చుచేసే భాగం ‘జీవన లెక్క’. దీన్ని స్థానిక నాణెంలో, స్థానిక ధరలతోనే కొలవాలి. ఇంటికి పంపే లేదా వెంట తీసుకువచ్చే భాగం ‘పంపక లెక్క’. మారకపు రేటు వర్తించేది దీనికి మాత్రమే. మొత్తం వేతనాన్ని మారకపు రేటుతో గుణించడం ఈ రెంటినీ కలిపేసి, రెండింటినీ తప్పుగా చూపుతుంది.

రెండవది, ఒకే రేటును సుదీర్ఘకాలానికి వర్తింపజేయరాదు. డాలరును ఒక రూపాయి 12 అణాలుగా తీసుకునే లెక్క 1906–1917 మధ్య కాలానికి సరిపోతుంది. 1902కు గాని, 1919కి గాని, 1930కి గాని సరిపోదు. ఆధారపత్రంలో రూపాయల అంకె ఉన్నప్పుడు, అది మూలంలోనే రూపాయల్లో ఉన్నదా, నివేదిక రాసినవారు మార్చినదా అన్నది మొదట తేల్చుకోవాలి.

మూడవది నైతికమైన అంశం. వలస పాలకుల నివేదికలు శ్రామికుల పేదరికానికి కల్లును, దుబారాను తరచు కారణంగా చూపాయి. తోటల్లో కల్లు దుకాణాలు ఉన్న మాట నిజమే. వాటివల్ల కుటుంబాలు నష్టపోయిన మాటా నిజమే. అయితే ‘రోజుకు 12 అణాలు వచ్చినా మిగల్చలేకపోయాడు’ అన్న తీర్పులో అణాలు అనే మాటే మొదటి పొరపాటు. అతడికి అణాలు రాలేదు. సెంట్లు వచ్చాయి, అవి ఎక్కువగా సెంట్లలోనే ఖర్చయ్యాయి. ఏళ్ల తరబడి పనిచేసి వట్టిచేతులతో తిరిగివచ్చిన మనిషిని ఆ ఊరు, ఆ తర్వాత చరిత్ర అసమర్థుడిగా చూసిన సందర్భాల్లో, లండన్‌లోనూ సిమ్లాలోనూ నిర్ణయమైన రేట్ల వాటా ఎంతో విచారించకుండా తీర్పు చెప్పడం అన్యాయం.

ముగింపు

డాలరు, రూపాయి మధ్య నిష్పత్తి 1893కు ముందు దాదాపు రెండుంపావు నుంచి 1903 నాటికి ఒకటింపావు లోపుకు, 1906లో ఒకటి ముప్పావుకు, 1919 చివర ఒకటికి, 1927 తర్వాత సుమారు ఒకటిన్నరకు చేరింది. మలయా తెలుగు శ్రామికుల మూడు తరాలు ఈ నిష్పత్తుల కింద పనిచేశాయి. అప్పు తీరే కాలం, తిరుగు ప్రయాణపు అవకాశం, ఊళ్లో సెంటు భూమి కొనగలిగే శక్తి వీటితో ముడిపడి ఉన్నాయి. తిరిగిరానివారు తోటల్లోనే స్థిరపడి మలేసియా తెలుగువారయ్యారు. వారి స్థిరనివాసానికి గల కారణాల్లో మారకపు విలువకు కూడా స్థానం కల్పించాలి.

ఈ ప్రశ్న గతానికే పరిమితమైనది కాదు. యు.ఏ.ఇ. దిర్హం 1997 నుంచి అమెరికన్ డాలరుకు 3.6725 చొప్పున స్థిరంగా ఉంది. అందువల్ల కరీంనగర్, నిజామాబాద్ ప్రాంతాల నుంచి దుబాయి వెళ్లిన కార్మికుడి కుటుంబానికి చేరే రూపాయలు డాలరు–రూపాయి రేటును బట్టి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయి. రూపాయి బలహీనపడిన ప్రతిసారీ జీతం పెరగకుండానే పెరిగినట్టు కనిపించే స్థితి నటాల్ షిల్లింగుల నాటిదే. నేటి వలసలను అధ్యయనం చేసేవారు కూడా కార్మికుడు ఎంత సంపాదించాడన్న ప్రశ్నకు ముందు, ఏ నాణెంలో, ఏ ధరల మధ్య, ఏ అప్పుకు ఎదురుగా సంపాదించాడన్న ప్రశ్నలు వేసుకోవాలి. నాటి తోటల చెక్‌రోళ్లు, తపాలా మనియార్డరు లెక్కలు, గ్రామాల్లోని ప్రోనోట్లు, తాకట్టు దస్తావేజులు కలిపి చదివినప్పుడే ఆ సమాధానాలు సమగ్రమవుతాయి. తెలుగు వలస చరిత్రలో ఆ దిశగా జరగవలసిన కృషి ఎంతో మిగిలి ఉంది.